మందుగుండు దట్టించు పాత తుపాకి

న్యూయార్కు నగరము నడుమ సెంట్రల్ పార్కు అను పెద్ద ఉద్యానవనము కలదు. 2013 జనవరిలో అచ్చటి పనివారు ఒక పాత ఫిరంగికి పట్టిన తుప్పును వదల్చుచుండిరి. అది 1780లో ఆ నగరము చెంత నదిలో మునిగిపోయిన హుస్సార్ అను ఆంగ్ల యుద్ధనౌకకు చెందినది. గొట్టము లోపలి మురికిని తీయబోగా వారికి మొదట దట్టించిన పీలికల ముద్దయు, పిదప ఇనుప గుండును, దాని వెనుక సుమారు 800 గ్రాముల నల్లమందును కనిపించినవి. పోలీసులను పిలిపించి ఆ మందును తీయించిరి. రెండు వందల ఏండ్లకు పైగా గడచినను అది మండుటకు పనికివచ్చు స్థితిలోనే ఉండెను.

ఇట్టిది ఎట్లు జరిగినదని మనకు ఆశ్చర్యము కలుగవచ్చును. ఆ ఫిరంగిని అలంకారముగా నిలిపినవారు, తుడిచినవారు, కదల్చినవారు ఎందరో ఉందురు. అది దట్టించి ఉన్నదను అనుమానము ఒక్కరికిని రాలేదు. కారణము సులభమే. మూతినుండి మందు దట్టించు ఆయుధమునకు వెనుక తలుపు లేదు. లోపల ఏమున్నదో పైనుండి కనబడదు. మన పల్లెలలో పంటకావలికి వాడిన నాటుతుపాకియు ఈ జాతిదే. ఈనాడు సైన్యములు విడిచిపెట్టిన ఈ తుపాకిని కొన్ని దేశములలో వేలకొలది జనులు వినోదముగా చేపట్టి, దాని పద్ధతులను శ్రద్ధతో అభ్యసించుచున్నారు. ఆ అభిరుచిని గూర్చియు, దానిలోని శాస్త్రమును గూర్చియు, అందుండి మనము తెలిసికొనదగిన జాగ్రత్తలను గూర్చియు ఇచ్చట వివరింతుము.

మన భాషలోని మందుగుండు అను మాటయే ఈ తుపాకి రహస్యమును సగము చెప్పుచున్నది. మందు వేరు, గుండు వేరు. నేటి తూటాలో ఈ రెండును, నిప్పు పుట్టించు సాధనమును ఒకే ఇత్తడి గొట్టములో ఇమిడి యుండును. పాత తుపాకిలో ప్రతి వస్తువును విడివిడిగా మూతినుండి లోనికి పంపవలెను. మొదట మందు పోయుదురు. దానిపై గుండును నిలిపి, పొడవైన కడ్డీతో అడుగువరకు దిగద్రోయుదురు. రవలు, అనగా చిన్న సీసపు గింజలు, వాడునప్పుడు అవి దొర్లి బయటపడకుండ పైన కాగితమో, పీచో, అట్టబిళ్లయో అణచుదురు. గొట్టము వెనుకకొనలో ఒక సన్నని రంధ్రముండును. అందుగుండ నిప్పు లోనికి పోయి మందును అంటుకొనును. మందు క్షణములో వాయువుగా మారి విస్తరించును. ఆ వాయువునకు గుండును ముందుకు త్రోయుట తప్ప వేరుదారి లేదు.

నిప్పును ఆ రంధ్రము వద్దకు చేర్చుటెట్లు? ఈ ఒక్క ప్రశ్నకు సమాధానము వెదకుటలోనే నాలుగు వందల ఏండ్లు గడచినవి. మొదట మండుచున్న వత్తిని తాకించెడివారు. వాన కురిసిన వత్తి ఆరిపోవును. చీకటిలో వత్తినిప్పు శత్రువునకు గురి చూపును. తరువాత చెకుముకి తుపాకి వచ్చెను. దానిలో రాతిముక్క ఉక్కురేకును రాచుకొనగా పుట్టిన నిప్పురవ్వలు చిన్న పళ్లెములోని మందుపై పడి, ఆ మంట రంధ్రముగుండ లోనికి పాకెడిది. మీట నొక్కిన క్షణమునకును గుండు వెలువడిన క్షణమునకును నడుమ రెప్పపాటు ఆలస్యము తప్పలేదు.

ఈ రెప్పపాటు ఆలస్యము ఒక మతాచార్యుని విసిగించినది. స్కాట్లండులోని బెల్‌హెల్వీ అను గ్రామములో అలెగ్జాండర్ ఫోర్సిత్ అను క్రైస్తవ బోధకుడుండెను. ఆయనకు నీటిపక్షుల వేట ప్రియము. పళ్లెములోని మంట మెరయగానే పక్షులు బెదరి, గుండు చేరులోపల నీట మునుగుటయో, ఎగిరిపోవుటయో జరిగెడిది. దెబ్బ తగిలినంతనే భగ్గుమను పొడులు అప్పటికే రసాయన శాస్త్రజ్ఞులకు తెలిసియుండెను. వానిని పళ్లెపు మంటకు మారుగా వాడవచ్చునని ఫోర్సిత్ కనిపెట్టి 1807లో పేటెంటు పొందెను. అటుపిమ్మట కొలది ఏండ్లలోనే ఆ పొడిని చిన్న రాగిటోపీలో అమర్చి, రంధ్రముపై తొడుగు పద్ధతి వాడుకలోనికి వచ్చినది. సుత్తివంటి భాగము టోపీని కొట్టగా నిప్పు పుట్టును. వానలోను పనిచేయును. మన ప్రాంతపు పాత తుపాకులలో అధికభాగము ఈ టోపీ రకమునకు చెందినవే. పక్షులు తప్పించుకొనుచున్నవను ఒక బోధకుని చింత ప్రపంచ సైన్యముల ఆయుధములన్నిటిని మార్చివేయుట చరిత్రలోని చమత్కారములలో నొకటి.

ఇక గుండు సంగతి. దానికి సీసమునే ఎన్నుకొనుటకు కారణములు మూడు. అది బరువైనది, మెత్తనిది, సుమారు 327 సెంటిగ్రేడు డిగ్రీల వేడికే కరగును. ఇనుము కరగుటకు కొలిమియు, తిత్తులును, నేర్పుగల పనివారును కావలెను. సీసమునకు మామూలు పొయ్యి చాలును. అందుచేతనే ఆ దినములలో సిపాయియు, వేటగాడును తన గుండ్లను తానే అచ్చులో పోసికొనుట సాధ్యమైనది. ఫిరంగిగుండ్లకు మాత్రము కార్ఖానాలు అవసరమైనవి. 18వ శతాబ్ది చివర నిజాము కొలువులో నుండిన ఫ్రెంచి సేనాని రేమండు హైదరాబాదులో నెలకొల్పిన ఫిరంగుల పోతశాలను ప్రజలు తోప్ కా సాంచా అని పిలిచిరి. తోపు అనగా ఫిరంగి, సాంచా అనగా అచ్చు. ఆ పేటను నేటికిని గన్‌ఫౌండ్రీ యనియే పిలుచుచున్నారు.

రవలు తయారు చేయుట వేరొక సమస్య. ఆవగింజంతటి గుండ్లను ఒక్కొక్కటిగా అచ్చులో పోయుట ఎవరి తరము? ఇంగ్లండులోని బ్రిస్టలు నగరవాసి విలియం వాట్సు దీనికి ఉపాయము కనిపెట్టెను. కరగిన సీసమును జల్లెడగుండ ఎత్తునుండి విడిచినచో, చినుకులు దిగుచు దిగుచు తమంతట తామే గుండ్రనై గట్టిపడును. క్రింది నీళ్లతొట్టిలో పడి చల్లారును. వానచినుకును గుండ్రముగా చేయు ప్రకృతిశక్తియే ఇచ్చటను పనిచేయును. వాట్సు తన ఇంటి కప్పుపైన గోపురము లేపి, అడుగున గొయ్యి త్రవ్వి, కావలసిన ఎత్తును సంపాదించెను. 1782లో పేటెంటు లభించినది. ఇట్టి గోపురములు తరువాత పలుచోట్ల వెలసినవి. 1799లో చెస్టరు పట్టణమున కట్టినది నేటికిని నిలిచి యున్నది.

గుండునకును గొట్టమునకును గల పొత్తు మరియొక చిక్కు. మూతినుండి సులువుగా దిగవలెనన్న గుండు గొట్టముకంటె సన్నముగా నుండవలెను. సన్నగా నున్నచో వాయువు ప్రక్కలనుండి జారిపోవును. గుండు గొట్టపుగోడలకు తగులుచు పోయి, చివర తగిలిన వైపునుబట్టి దారి తప్పును. బ్రిటిషు పదాతిదళము నూరేండ్లకు పైగా మోసిన బ్రౌన్‌బెస్ తుపాకి గొట్టము సుమారు 19 మిల్లీమీటర్లు. దాని గుండు 17.5 మిల్లీమీటర్లు మాత్రమే. నూరు గజముల దూరము దాటినచో ఒక మనిషిని గురిచూచి కొట్టుట దానితో అదృష్టముమీద ఆధారపడిన పని. గొట్టములోపల మెలితిరిగిన గాళ్లు చెక్కి, గుండును బొంగరమువలె త్రిప్పి పంపినచో అది తిన్నగా పోవునని తెలియకపోలేదు. కాని గాళ్లను ఒరసికొనునంతటి బిగువైన గుండును మూతినుండి దించుట బహుశ్రమ. పెన్సిల్వేనియాలో స్థిరపడిన జర్మను కమ్మరులు 18వ శతాబ్దిలో పొడవైన వేట తుపాకులు చేసి, గుండును కొవ్వు రాచిన గుడ్డపేలికలో చుట్టి దించు పద్ధతిని వ్యాప్తిలోనికి తెచ్చిరి. 1849లో ఫ్రెంచి సైనికోద్యోగి మినియే మరింత తెలివైన ఉపాయము పన్నెను. ఆయన గుండు పొడవుగా, కొన తేలి, అడుగున గుల్లగా నుండును. దిగునప్పుడు సన్నము. మందు ప్రేలగానే వాయువు ఆ గుల్లలో జొరబడి అంచులను విప్పార్చును. విప్పారిన అంచు గాళ్లను పట్టుకొనును.

ఈ కొవ్వు రాచుట మన దేశచరిత్రలో ఎంతటి మంట రేపినదో పాఠకులకు తెలియును. మినియే సూత్రముపై నడచు ఎన్‌ఫీల్డు తుపాకికి మందును గుండును కలిపి కాగితపు పొట్లములో చుట్టి ఇచ్చెడివారు. సిపాయి ఆ పొట్లపు కొనను పంటితో చింపి, మందును గొట్టములో పోసి, గుండును దట్టవలెను. ఆ కాగితమునకు పూసినది ఆవుకొవ్వు, పందికొవ్వు అను వార్త 1857లో వ్యాపించినది. ఆ ఏడు ఏప్రిల్ 24వ తేదీని మీరట్టులో మూడవ లైట్ కావల్రీ దళమునకు చెందిన 85 మంది సిపాయిలు తూటాలను ముట్టుటకు నిరాకరించి శిక్షకు గురియైరి. మే 10న తిరుగుబాటు ప్రారంభమైనది. దానికి కారణములు అనేకము, తూటాయొక్కటే కాదు. అయినను, మూతినుండి దట్టించు తుపాకి కానిచో పంటితో చింపవలసిన అవసరమే కలుగకపోయెడిది. 1866లో ఆ ఎన్‌ఫీల్డు తుపాకులకే వెనుకభాగమున తలుపు అమర్చి, తూటాను వెనుకనుండి పెట్టు ఏర్పాటు వచ్చినది. దానితో మూతి తుపాకి సైనికజీవితము ముగిసినది.

మందును గూర్చి రెండు మాటలు చెప్పక తప్పదు. నల్లమందులో బొగ్గును గంధకమును ఉన్నను ముఖ్యమైనది సురేకారము. దీనినే మన పెద్దలు పెట్లుప్పు అనిరి. ప్రేలుడు పుట్టించు ఉప్పు అని ఎంత చక్కని పేరో చూడుడు. పాత మట్టిగోడల అడుగునను, పశువుల కొట్టముల నేలపైనను తెల్లగా పొంగు ఉప్పులో ఇది ఉండును. మంట ఆరకుండ నిలుచుటకు కావలసిన ప్రాణవాయువును ఇది తనలోనే దాచుకొనియుండును. కనుకనే బిగించిన గొట్టములో, గాలి లేనిచోటను, మందు మండగలదు. 17, 18 శతాబ్దులలో బీహారు సురేకారమునకై ఆంగ్లేయులును డచ్చివారును పోటీపడిరి. ప్లాసీ యుద్ధము మరుసటి ఏడు, 1758లో, దానిపై ఆంగ్ల కంపెనీకి గుత్తాధికారము దక్కినది. ఐరోపా యుద్ధరంగములలో ప్రేలిన మందులో మన పల్లెల మట్టి ఎంతో కలదని చెప్పుట అతిశయోక్తి కాదు.

నల్లమందు కాలినపుడు అది పూర్తిగా వాయువుగా మారదు. దట్టమైన తెల్లని పొగయు, గొట్టమంతట మసియు మిగులును. ఈ మసి గాలిలోని తేమను పీల్చి ఇనుమును తినివేయును. కాల్చిన తుపాకిని ఆ సాయంకాలమే వేడినీళ్లతోను, సబ్బుతోను కడిగి, ఆరబెట్టి, నూనె రాయకపోయినచో మరునాటికే తుప్పు కనబడును. 1884లో పాల్ వియేయ్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పొగరాని మందును కనుగొనెను. దాని బలము చాల ఎక్కువ. నల్లమందుకై చేసిన పాత గొట్టములో ఈ కొత్త మందును పోయుట చావును పిలుచుకొనుటయే. గొట్టము చీలి, పట్టుకొన్నవాని చేతులను, ముఖమును ఛిద్రము చేయును. ఈ తుపాకులను వినోదముగా వాడు దేశములలో మొట్టమొదట నేర్పు నియమమిదియే.

అట్టి వినోదము ఎట్లు మొదలైనదో చూతము. అమెరికాలో 1933లో పాత తుపాకులపై అభిమానము గలవారు జాతీయ సంఘమొకటి స్థాపించుకొనిరి. ఇండియానా రాష్ట్రములోని ఫ్రెండ్‌షిప్ అను చిన్న గ్రామము దానికి కేంద్రము. బ్రిటనులో 1952లో అట్టి సంఘమే ఏర్పడినది. 1971 నుండి అంతర్జాతీయ పోటీలు జరుగుచున్నవి. వానిలో వత్తి తుపాకులకు, చెకుముకి తుపాకులకు, టోపీ తుపాకులకు వేరువేరు పందెములు కలవు. వత్తి తుపాకుల పందెమొకదానికి తనేగషీమా అని పేరు పెట్టిరి. 1543లో పోర్చుగీసువారి తుపాకులు జపానులో మొదట దిగిన దీవి పేరది. అమెరికాలోని కొన్ని రాష్ట్రములు ఈ పాత తుపాకులతో వేటాడువారికి ప్రత్యేక ఋతువును కేటాయించినవి.

నిమిషమునకు వందల తూటాలు వెడలగ్రక్కు ఆయుధములున్న కాలములో, ఒక్కసారి కాల్చుటకు ఒక నిమిషము పట్టు తుపాకిని ఎవరైన ఎందుకు కోరుదురు? ఆ నెమ్మదియే వారికి రుచి. ప్రతి కాల్పునకును మందును కొలపాత్రతో కొలువవలెను. మందుబుడ్డినుండి నేరుగా గొట్టములో పోయుట నిషిద్ధము. క్రిందటి కాల్పున మిగిలిన నిప్పురవ్వ యొకటి లోపల దాగియున్నచో మంట బుడ్డివరకు ప్రాకును. గుండు మందుపై ఆనునట్లు దిగినదా లేదా చూచుకొనవలెను. నడుమ ఖాళీ మిగిలిన గొట్టము ఉబ్బిపోవచ్చును, చీలిపోవచ్చును. టోపీ ప్రేలినను తుపాకి మ్రోగకపోయినచో దానిని లక్ష్యమువైపే పట్టుకొని కొంతసేపు కదలక నిలువవలెను. నిప్పు లోపల నెమ్మదిగా ప్రాకుచుండవచ్చును. తొందరపడి మూతిలోనికి చూచినవాడు మరల చూడలేదు. ఇట్టి క్రమమును వందసార్లు తప్పక పాటించుటలో ధ్యానమువంటి ఏకాగ్రత కుదురునని అభ్యాసకులు చెప్పుదురు. వారి మాటను కాదనుటకు మనకు కారణము లేదు.

కొందరు గుండ్లను సొంతముగా పోసికొనుటయే ప్రధాన వినోదముగా పెట్టుకొందురు. మూతి తుపాకికి మెత్తని శుద్ధ సీసము కావలెను; నేటి తుపాకుల గుండ్లకు తగరమో, అంటిమనియో కలిపి గట్టిపరతురు. మరికొందరు కాల్చిన ఇత్తడి తూటాగొట్టములను ఏరి తెచ్చి, తిరిగి నింపి వాడుకొందురు. ఇందు ఇత్తడి వృథా కాదు, ఖర్చు తగ్గును, తన తుపాకికి తగిన గుండును తానే ఎన్నుకొనవచ్చును. మందును వారు గ్రెయినులలో తూచుదురు. మన కంసాలులు బంగారమును తూచిన గురివింద గింజలో ఒక గ్రెయిను సుమారు సగము. ఆపాటి తూకములో పొరపడినను, ఒకే గొట్టములో మందును రెండుమార్లు పోసినను తుపాకి బ్రద్దలగును. అందుచేత అచ్చువేసిన పట్టికలను చూడక ఎవరును ఆ పనికి పూనుకొనరు. పని చేయు వేళ మాటలాడుట, రేడియో వినుట కూడ మానుకొందురు.

రెండుమార్లు దట్టించుటను గూర్చి ఒక పాత దృష్టాంతము చెప్పవలసి యున్నది. అమెరికా అంతర్యుద్ధములో 1863 జులై 1 నుండి 3 వరకు గెటిస్‌బర్గు వద్ద ఘోరయుద్ధము జరిగినది. పిదప రణరంగమున పడియున్న సుమారు 27,000 తుపాకులను ఏరి పరీక్షించిరి. వానిలో 24,000 దట్టించి యున్నవి. సుమారు 12,000 తుపాకులలో ఒకదానిపై నొకటిగా రెండు దట్టింపులు, 6,000 తుపాకులలో మూడు మొదలు పది వరకు దట్టింపులు కనబడినవి. ఒక తుపాకిలోనైతే 23 దట్టింపులు! ఆ సిపాయి టోపీ తొడుగుటయే మరచెనో, టోపీ ప్రేలినను మందు అంటుకొనలేదో, చుట్టును మ్రోగుచున్న ధ్వనిలో తన తుపాకి మ్రోగలేదను సంగతి వానికి తెలియనే లేదు. దట్టించుట, ఎత్తుట, మీట నొక్కుట, మరల దట్టించుట. కవాతులో నేర్చిన చేతులు తమ పని తాము చేసికొనిపోయినవి. శిక్షణ పొందిన సైనికులే తమ చేతిలోని తుపాకి సంగతి ఎరుగకపోయినప్పుడు, తాతలనాటి తుపాకిని అటకపైనుండి దించిన మనుమడు ఎరుగునా?

ఇందులకే అభ్యాసకులు పాత తుపాకి ఏది చేతికి వచ్చినను ముందుగా కడ్డీతో పరీక్షింతురు. కడ్డీ ఎంతవరకు లోనికి దిగినదో గుర్తించి, ఆ పొడవును గొట్టము బయట పెట్టి పోల్చుదురు. వెనుకకొనవరకు చేరక మునుపే కడ్డీ ఆగినచో లోపల ఏదో ఉన్నదన్నమాట. అప్పుడు దానిని ఎరిగినవారికి ఒప్పగింతురే కాని తాము గెలికి చూడరు.

మరియొక ప్రమాదము శబ్దము లేనిది. అది సీసము. కరగిన సీసముపై తేలు బూడిదవంటి తెట్టు, అచ్చులు దులిపిన దుమ్ము, వ్రేళ్లకు అంటిన మసి, వీనిద్వారా అది శరీరములోనికి పోవును. పిల్లల మెదడునకు అది చేయు కీడు మరల కుదిరెడిది కాదు. రక్తములో సీసము ఇంతవరకు ఉన్నను హాని లేదని చెప్పదగిన పరిమితి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలిపినది. కనుక సీసము పోయువారు ఆరుబయట పనిచేయుదురు. ఆ పాత్రను వంటకు వాడరు. పని ముగియగానే చేతులు కడిగి బట్టలు మార్చుకొందురు. పిల్లలను, గర్భిణులను దరిచేరనీయరు. కరగిన సీసములో ఒక్క నీటిచుక్క పడినను అది ఆవిరై సీసమును ముఖముపైకి చిమ్మును. మన ఊళ్లలో చేపలవలల బరువులకు, పాత బ్యాటరీలకు సంబంధించిన సీసమును ఇంటి పొయ్యిపై కరగించువారికిని ఈ మాటలన్నియు వర్తించును. తుపాకి సీసము పక్షులను కూడ చంపుచున్నది. గుండు తగిలి పడిన జంతువుల కళేబరములను తిని కాలిఫోర్నియాలోని కాండర్ అను పెద్ద రాబందు విషమునకు గురియైనది. 1982 నాటికి ఆ జాతి పక్షులు ప్రపంచములో 22 మాత్రమే మిగిలినవి. 2019 జులై 1 నుండి ఆ రాష్ట్రమున వేటకు సీసపుగుండ్లను పూర్తిగా నిషేధించిరి.

మన దేశములో ఈ తుపాకికి చట్టము ఏమి చెప్పుచున్నది? 1959 నాటి ఆయుధ చట్టము 13వ సెక్షనులో మూతినుండి దట్టించు తుపాకిని గూర్చి ప్రత్యేకముగా పేర్కొనిరి. నిజముగా పంటరక్షణకు కావలసిన రైతునకు దాని లైసెన్సు ఇచ్చుటకు అందు అవకాశము కలదు. కాని లైసెన్సు లేక తుపాకినిగాని, మందుగుండునుగాని ఇంట ఉంచుకొనుట నేరము. తుపాకిని లేక తూటాను లైసెన్సు లేక తయారుచేయుట మరింత గొప్ప నేరము. 2019లో చట్టమును సవరించి దానికి ఏడేండ్లకు తగ్గని శిక్షను, యావజ్జీవము వరకు విధించు వీలును కల్పించిరి. పరదేశములలో వినోదముగా సాగు తూటా నింపుడు, మందు తయారీ మన ఇండ్లలో సాగరాదనుట ఇందువలననే. పంటరక్షణ లైసెన్సు వేటకు అనుమతి కాదనియు గుర్తుంచుకొనవలెను. వన్యమృగములను చంపుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు లోబడినది. పొరుగున కర్ణాటకలోని కొడగు వాసులకు మాత్రము ఆంగ్లేయుల కాలమునుండి లైసెన్సు మినహాయింపు కలదు. కేంద్రప్రభుత్వము 2019లో దానిని 2029 వరకు పొడిగించినది. అచ్చట సెప్టెంబరులో వచ్చు కైల్‌పోళ్దు పండుగనాడు తుపాకులకు పూలు చుట్టి పూజింతురు. మనము దసరానాడు పనిముట్లకు చేయు ఆయుధపూజవంటిదే యది.

పాత ఇండ్లలో తండ్రినాటి తుపాకి గోనెపట్టాలో చుట్టబడి అటకపైననో, ధాన్యపు గదిలోననో పడియుండుట అరుదు కాదు. లైసెన్సు పొందిన పెద్దవారు గతించిన పిదప దానిని ఎవరును తలచరు. చట్టప్రకారము వారసులు దానిని ఆలస్యము చేయక సమీప పోలీసు స్టేషనులోగాని, లైసెన్సుగల ఆయుధ వ్యాపారి వద్దగాని అప్పగింపవలెను. తరువాత తమ పేర లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకొను హక్కు వారికి కలదు. అప్పగించుటకు ముందు దానిని శుభ్రము చేయబూనుట, మీటను లాగి చూచుట, పిల్లలచేత పట్టించుట పనికిరాదు. అది కనబడిన తావుననే విడిచి, గదికి తాళము వేసి, స్టేషనుకు కబురుచేసి, పాత తుపాకి యొకటి కలదనియు, అది దట్టించి యుండవచ్చుననియు మొదటి మాటగా చెప్పవలెను. వచ్చినవారు దానిని కదల్చునపుడు మూతి ఎటువైపున్నదో చూచి, ఆ దిక్కున ఎవరును నిలువకుండ ఇంటివారిని బయటికి పంపుదురు.